వందనమా, కాల్మొక్కుడా?

గ్రేటర్ నోయిడాలో ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు బౌద్ధ కుటుంబాలం ఓ పది పన్నెండు ఉన్నాం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కలుస్తాం. త్రిశరణ పంచశీలాలు చెప్పుకుంటాం, బాబాసాహెబ్ రాసిన బుద్ధుడు, ఆయన ధమ్మం గ్రంథంలోంచి కొన్ని పేజీలు చదువుకుంటాం. ఆ తర్వాత పప్పూ చారూ తిని, పిల్లల చదువుల గురించి, ఇంకా రిజిస్ట్రేషన్ కాని ఫ్లాట్ల గురించి మాట్లాడుకుని ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోతాం.

మేమున్న జిల్లా పేరే గౌతమ బుద్ధ నగర్. 1997లో ఆ పేరుతో ఏర్పడింది. ఇక్కడి గౌతమ బుద్ధ విశ్వవిద్యాలయంలో బౌద్ధ అధ్యయనాలకు ప్రత్యేక విభాగం ఉంది. అక్కడి గ్రంథాలయానికి బోధిసత్వ అంబేద్కర్ పేరు, ధ్యాన కేంద్రానికి మహాత్మా జ్యోతిబా ఫూలే పేరు పెట్టారు. వియత్నాం, మయన్మార్, థాయ్‌లాండ్ దేశాల భిక్షువులు చదువుకోవడానికి వస్తారు. పరీ చౌక్ దగ్గర చీవరం ధరించిన భిక్షువు ఆటో కోసం నిలబడి ఉండటం ఇక్కడ ఎవరికీ వింత కాదు.

2023 నవంబరులో థాయ్‌లాండ్ భారతీయులకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చాక మా పక్క ఫ్లాట్లవాళ్లు పోటీలు పడి బ్యాంకాక్ వెళ్లొచ్చారు. వాళ్లు తెచ్చిన ఫోటోల్లో సముద్రమే ఎక్కువ. మాలో ఏడుగురం మాత్రం బౌద్ధ దేశం చూద్దామని వెళ్లాలనుకున్నాం. వెళ్లే ముందు అక్కడి పద్ధతులు తెలుసుకుందామని, విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక థాయ్ భంతేను భోజన దానానికి పిలిచాం. మధ్యాహ్నం దాటితే వారు భుజించరు గనుక పదిన్నరకే పిలిచాం.

ఆ ఇంటి ఇల్లాలు మాకందరికీ అక్క. గుంటూరు జిల్లా పల్లె నుంచి వచ్చిన మనిషి, ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నారు. పళ్లెంలో అన్నం, ముద్దపప్పు, వంకాయ కూర పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో భంతేకు అందించబోయారు. ఆయన చేయి చాపలేదు. తన సంచిలోంచి ఒక పసుపు గుడ్డ తీసి ముందు పరచి, దాని అంచు పట్టుకుని, పళ్లెం దాని మీద పెట్టమన్నట్టు తల ఊపారు. అక్క పెట్టారు. ఆ తర్వాత పక్కనే ఉన్న వాళ్ల అబ్బాయి నీళ్ల గ్లాసు ఇస్తే భంతే నేరుగా చేతికే తీసుకున్నారు.

భోజనం అయింది, అనుమోదన గాథలు అయ్యాయి. అక్క మాత్రం వంటగదిలోంచి బయటికి రాలేదు. మేం వెళ్లి అడిగితే ఒక్క మాటే అన్నారు. "మా అమ్మ దోసిలి పడితే పైనుంచి ఎత్తి పోసేవాళ్లు, చెంబు తగలకుండా. ఆ దోసిలికీ ఈ గుడ్డ ముక్కకూ తేడా ఏంటో నాకు చెప్పండి."

అప్పటికప్పుడు మేం చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ మాటకు జవాబు వెతుక్కునే ప్రయత్నమే.

భంతేకు మేం ఈ సంగతి దాచలేదు. ఆయనకు హిందీ కొద్దిగా వచ్చు. అక్క అన్న మాట మేం వివరించేసరికి చాలాసేపు మౌనంగా ఉన్నారు. తర్వాత చెప్పారు, ఆ కట్టుబాటు స్త్రీ మీద కాదు, తన మీద అని. భిక్షువు తన కన్నతల్లినైనా తాకడు. వినయ పిటకంలో కామచిత్తంతో స్త్రీని తాకడం సంఘాదిసేస దోషం. ఉదాయి అనే భిక్షువు చేసిన పాడు పని వల్ల ఆ నియమం వచ్చింది. తప్పు చేసింది మగవాడు, సంకెల పడిందీ మగవాడికే. థాయ్ సంప్రదాయం ఆ నియమానికి చుట్టూ ఇంకో కంచె వేసి, చేతికి చేయి తగిలే అవకాశమే లేకుండా గుడ్డ పెట్టింది. దానం స్వీకరించడం శరీరంతోనైనా కావచ్చు, శరీరానికి తగిలి ఉన్న వస్తువుతోనైనా కావచ్చని వినయం ఒప్పుకుంటుంది. గుడ్డ అంచు ఆయన పట్టుకుని ఉన్నారు కాబట్టి అది ఆయన చేయి కిందే లెక్క. శ్రీలంక, బర్మా భిక్షువులు చాలామంది స్త్రీల చేతి నుంచి నేరుగానే తీసుకుంటారు. నాగపూర్ విహారాల్లో మన భంతేలూ అంతే. అంటే ఆ గుడ్డ థాయ్‌వాళ్ల ఆచారం. బుద్ధుడు పెట్టింది కాదు.

ఈ వివరణలో నిజం ఉంది. దోసిట్లో ఎత్తి పోసిన నీళ్లకు కారణం, అవతలి మనిషి మలినమని పోసేవాడు అనుకోవడం. ఇక్కడ భిక్షువు తన మనసును తాను నమ్మక గీసుకున్న గీత అది. ఎత్తి పోసినవాడు తర్వాత ఇంటికి పోయి చెంబు కడుక్కున్నాడు. భంతే ఆ పళ్లెంలో అన్నం మొత్తం తిని, ఆ అన్నం పెట్టిన చేతులకు మంగళం పలికారు. అక్క వండిన అన్నం ఆయన ఒంట్లో కలిసింది. కులం ఉన్నచోట మొదట ఆగేది అన్నమే కదా.

అయినా అక్క ప్రశ్నలో సగానికే ఇది జవాబు. మిగతా సగం సంగతి తర్వాత చెబుతాం.

ఆ రోజు భంతే చెప్పిన పద్ధతులు కొన్ని పాఠకులకు పనికొస్తాయి. థాయ్‌వాళ్లకు శరీరంలో తల ఉత్తమం, పాదం నీచం. చిన్నపిల్లవాడి తలైనా సరే ముద్దుకు కూడా నిమరకూడదు. మనం నెత్తిన చెయ్యి పెట్టి దీవిస్తాం, కాబట్టి మన పెద్దవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. కాళ్లు చాపుకుని కూర్చుంటే అరికాళ్లు బుద్ధ విగ్రహం వైపో, భిక్షువు వైపో, అసలు ఎవరి వైపూ ఉండకూడదు. కాలితో దేన్నీ చూపించకూడదు, తోయకూడదు. విహారంలోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడవాలి, గడప తొక్కకుండా దాటాలి. ఇది మన ఇళ్లలోనూ ఉన్నదే. బ్యాంకాక్ రాజప్రాసాదం ఆవరణలోని వాట్ ఫ్రా కేవ్‌కు భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతోనే వెళ్లాలి. విగ్రహం ఎక్కి కూర్చుని ఫోటో దిగడం, బుద్ధుడి బొమ్మ పచ్చబొట్టు పొడిపించుకోవడం వాళ్లకు ఘోరమైన అవమానం. బుద్ధ విగ్రహాలను దేశం దాటించాలంటే లలితకళల శాఖ అనుమతి కావాలి. ఉదయం 8 గంటలకు, సాయంత్రం 6 గంటలకు జాతీయ గీతం వినబడితే నడిచేవాళ్లు ఆగుతారు, మనమూ ఆగాలి. రాజు గురించి నోరు జారితే 112వ సెక్షన్ కింద ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ల జైలు. గొంతు పెంచి మాట్లాడటం, కోపం చూపించడం ఎంత న్యాయమైన కారణానికైనా అక్కడ పరువు తక్కువ. మా గుంపుకు అన్నిటికంటే కష్టమైన నియమం ఇదేనేమో!

ఇక వాయ్. రెండు చేతులూ జోడించి తల వంచి చేసే నమస్కారం అది. నోటితో "సవాద్దీ" అంటారు, స్వస్తి అన్న మన మాటే. అయితే మన నమస్కారంలా ఇది ఒకే రకంగా ఉండదు. సమానులకు బొటనవేళ్లు గడ్డం దగ్గర, పెద్దలకు ముక్కు దగ్గర, భిక్షువులకు కనుబొమ్మల మధ్య. చిన్నవాడు ముందు చెయ్యాలి, పెద్దవాడు బదులివ్వాలి. పసిపిల్లలకు, హోటల్లో వడ్డించేవాళ్లకు మనం ముందుగా వాయ్ చేస్తే వాళ్లే ఇబ్బంది పడతారు, చిరునవ్వు చాలు. భిక్షువు గృహస్థుకు తిరిగి వాయ్ చెయ్యడు. బుద్ధ విగ్రహం ముందు, భిక్షువు ముందు మోకాళ్లూ మోచేతులూ నుదురూ నేలకు తాకేలా మూడుసార్లు వంగుతారు. దానికి పంచాంగ వందనం అని పేరు.

భంతే ఇంతవరకు చెప్పి, నేల మీద వంగి చూపించారు. అప్పుడు మా పెద్దాయన లేచి నిలబడ్డారు.

పెద్దాయనది నల్లగొండ జిల్లా. రిటైరయ్యాక కొడుకు దగ్గర ఉంటున్నారు. "మా నాయిన దొర ముంగట గిట్లనే వంగేటోడు. నీ బాంచన్ కాల్మొక్త అన్నంక గానీ నోట్ల నుంచి ఇంకో మాట రాకపోయేది. నేను బుద్ధుని దిక్కు వచ్చిందే వంగకుండ బతకనీకి. మళ్ల వంగుమంటే నాతోని కాదు" అన్నారు. భంతేకు తెలుగు రాకపోయినా ఆ గొంతు అర్థమైంది. ఆయన నవ్వలేదు, నొచ్చుకోలేదు కూడా.

చెప్పుల గురించీ పెద్దాయన అడిగారు. పెద్ద కులాల వీధిలో చెప్పులు చేత పట్టుకుని నడిచిన మనుషుల పిల్లలం మనం. ఈనాడు విహారం ముందు చెప్పులు విప్పమంటే ఒక్క క్షణం కాలు ఆగుతుంది. ఆ ఆగడాన్ని అజ్ఞానం అని కొట్టిపారేసేవాళ్లతో మేం ఏకీభవించం. అయితే విహారం ముందు రాజు విప్పుతాడు, కూలీ విప్పుతాడు. ఆ వీధిలో విప్పింది మనమొక్కళ్లమే. అందరూ విప్పిన చోట ఎవరి పాదమూ నేరం చేసినట్టు కాదు. చెప్పుల విషయంలో మాకు తకరారు లేదు, పెద్దాయనకూ లేదు.

వంగడం సంగతి అంత తేలిక కాదు.

మొదట చెప్పుకోవలసింది, బుద్ధుడే మర్యాద తెలియనివాడని నింద పడ్డాడు. వేరంజా అనే ఊళ్లో ఒక బ్రాహ్మణుడు వచ్చి, నువ్వు వృద్ధులైన బ్రాహ్మణులకు లేచి నిలబడవట, నమస్కరించవట, ఆసనం ఇవ్వవట, ఇది పద్ధతేనా అని నిలదీశాడు. బుద్ధుడు క్షమించమనలేదు. తాను లేచి నిలబడి నమస్కరించవలసినవాడు లోకంలో తనకు కనిపించడం లేదన్నాడు. పుట్టుకతోనో వయసుతోనో వచ్చిన పెద్దరికానికి వంగనని ఆయన చెప్పిన ఈ మాట అంగుత్తర నికాయంలో ఉంది. పెద్దాయన లేచి నిలబడిన తీరు ఆ దారికి ఎడంగా ఏమీ లేదు.

ఇంకో కథ సోణదండుడిది. చంపా నగరంలో పేరున్న బ్రాహ్మణ పండితుడు. బుద్ధుడితో వాదించి, ఒప్పుకుని, శరణు పొందాడు. ఆ తర్వాత మనసులో మాట బయటపెట్టాడు: సభలో అందరూ చూస్తుండగా నేను లేచి మీకు నమస్కరిస్తే నా వాళ్లు నన్ను చిన్నచూపు చూస్తారు, పరువు పోతే రాబడి పోతుంది, కాబట్టి నేను చేతులు జోడిస్తే లేచినట్టు అనుకోండి, తలపాగా తీస్తే తలవంచినట్టు అనుకోండి. దీఘ నికాయంలో ఇది చదివినప్పుడల్లా మాకు నవ్వొస్తుంది. కానీ బుద్ధుడు ఆ మనిషిని తిట్టినట్టు అందులో లేదు. నేలకు నుదురు ఆనించితేనే శిష్యుడివని అనలేదు. పరువు కోసం వంగలేనివాడినే అలా ఊరుకున్నవాడు, గాయం వల్ల వంగలేనివాడిని బలవంతపెడతాడా?

మరి వంగడం దేనికి? ఇక్కడ ఉపాలి గుర్తుకొస్తాడు. శాక్య రాజకుమారులు సంఘంలో చేరడానికి వచ్చినప్పుడు, వాళ్ల మంగలి ఉపాలి కూడా వచ్చాడు. శాక్యులం మేం అహంకారులం, ఇతనికి ముందు దీక్ష ఇవ్వండి, అప్పుడు మేం ఇతనికి వందనం చేయవలసి వస్తుంది, మా అహంకారం అణుగుతుంది అని ఆ కుమారులే అడిగారు. సంఘంలో వందనానికి కొలత దీక్ష పొందిన కాలం తప్ప వంశం కాదు. వంచడానికి పనికొచ్చిన అదే నడుమును బుద్ధుడు పైవాణ్ణి కిందికి తేవడానికి వాడాడు. నిన్నటిదాకా గడ్డం గీయించుకున్నవాడు ఈ రోజు ఆ మంగలి పాదాల ముందు. ఇలాంటి వందనానికి కాల్మొక్కుడు అని పేరు పెడితే ఉపాలికి అన్యాయం చేసినట్టే.

ఎత్తు ఆసనం సంగతి కూడా ఇలాంటిదే. థాయ్‌లాండ్‌లో భిక్షువు ఎత్తుగా కూర్చుంటాడు, మనం నేల మీద. చూస్తే దొరగారి గడీ గుర్తుకు రావచ్చు. కానీ ఆ నియమం వెనక వినయ పిటకం చెప్పే పూర్వకథలో నాయకుడు ఒక చండాలుడు. ఛవక జాతకంలోనూ ఉంది. గర్భవతి అయిన భార్య మామిడిపండు కావాలంటే రాజు తోటలో చెట్టెక్కాడు. తెల్లవారిపోయి దిగలేక కొమ్మల్లో ఉండగా కింద రాజు వచ్చి ఎత్తు పీట మీద కూర్చున్నాడు, పురోహితుడు కింద కూర్చుని మంత్రం నేర్పుతున్నాడు. చండాలుడు దిగి వచ్చి ఇద్దరినీ తప్పుపట్టాడు: ఎత్తున కూర్చుని నేర్చుకునేవాడూ, కింద కూర్చుని నేర్పేవాడూ, ఇద్దరూ ధమ్మం తప్పినవాళ్లే అని. ఆ చండాలుడే బోధిసత్వుడు. ఎత్తు పీట భిక్షువు గొప్పతనానికి కాదు, కిరీటం కంటే ధమ్మం పైన ఉండాలని. ఆ మాట అన్నది ఎవరు? ఊరి బయట ఉన్నవాడు. అయితే జాతకం చివర్లో ఒక చేదు ఉంది. నువ్వు పై కులంవాడివైతే నిన్నే రాజును చేసేవాణ్ణి, ఇప్పుడు పగలు నేను రాజును, రాత్రి నువ్వు రాజువు అని ఆ రాజు అతని మెడలో పూలదండ వేసి నగర రక్షకుణ్ణి చేస్తాడు. తెలివి ఒప్పుకున్నాడు, కులం మరిచిపోలేదు. రాత్రి కాపలా ఉద్యోగం ఇచ్చి మెడలో దండ వెయ్యడం మనకు తెలియని సన్మానమా!

థాయ్‌లాండ్‌లోనూ అన్ని వంగడాలూ ధమ్మం నుంచి వచ్చినవి కావు. రాజు ముందు, రాజును చూసి నేర్చుకున్న ప్రతి అధికారి ముందు పాకుతూ, సాష్టాంగపడుతూ ఉండే పద్ధతి ఆ దేశంలో శతాబ్దాలు నడిచింది. దాన్ని రద్దు చేసింది ఒక రాజే. చులలోంగ్‌కోర్న్ 1873లో తన రెండో పట్టాభిషేకం నాడు, ఈ పద్ధతి మనుషుల మీద అణచివేతకు గుర్తు, ఇక మీద నిలబడి తలవంచితే చాలని ప్రకటించాడు. నేల మీద ఉన్న దర్బారు లేచి నిలబడింది. బానిసత్వాన్ని 1874 నుంచి మెట్టు మెట్టుగా తగ్గిస్తూ 1905లో పూర్తిగా తీసేసినవాడూ ఆయనే. అయితే తరవాతి తరాల్లో ఆ పాకడం తిరిగి వచ్చింది. 2017లో ఆ రాజు పేరున్న విశ్వవిద్యాలయంలోనే కొత్త విద్యార్థులు ఆయన విగ్రహం ముందు సాష్టాంగపడే కార్యక్రమం నుంచి కొందరు విద్యార్థి నాయకులు లేచి వెళ్లిపోయారు. సాష్టాంగం రద్దు చేసిన రాజుకు సాష్టాంగమా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్ల విద్యార్థి మండలి పదవులు పోయాయి. వాళ్లూ బౌద్ధులే. పెద్దాయన చెప్పిన మాట థాయ్ భాషలో కూడా ఉందన్నమాట.

అందుచేత అక్కడ కనబడేదంతా బుద్ధుడు చెప్పిందేనని నమ్మి మనం అనుకరించడం మొదలుపెడితే దెబ్బతింటాం. బ్యాంకాక్ నడిబొడ్డున ఎరవాన్ మందిరం ఉంది. నాలుగు తలల బ్రహ్మ విగ్రహం. దారిన పోయేవాళ్లు చేతులు జోడిస్తారు, బంతిపూల దండలు వేస్తారు. ఆ మందిరం వెలిసింది 1956లో. నాగపూర్‌లో ఆ ఏడాది అక్టోబరు 14న బాబాసాహెబ్ చెప్పించిన 22 ప్రతిజ్ఞల్లో మొదటిదే బ్రహ్మ విష్ణు మహేశ్వరులను దేవుళ్లుగా నమ్మను, పూజించను అని. ఇక్కడ మాలో ఎవరికీ రెండో ఆలోచన రాలేదు. అటు నుంచి నడిచిపోతాం. ఎవరినీ వెక్కిరించం, మనం మాత్రం చెయ్యి జోడించం. మర్యాద అంటే అతిథి తన ప్రతిజ్ఞను గుమ్మం బయట చెప్పులతో పాటు వదిలి రావడం కాదు.

అదే నాగపూర్‌లో, అదే రోజు, భిక్షు చంద్రమణి దగ్గర త్రిశరణ పంచశీలాలు తీసుకుని బాబాసాహెబ్ బుద్ధ విగ్రహం ముందు చేతులు జోడించి మూడుసార్లు వంగారు. లక్షలాది మంది చూశారు. ఏ పీఠం ముందూ తలవంచని మనిషి, రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి అని 1949 నవంబరులో రాజ్యాంగ సభను హెచ్చరించిన మనిషి అక్కడ వంగాడు. ఎవరూ వంచలేదు, వంగకపోతే కొట్టేవాడెవడూ అక్కడ లేడు. పెద్దాయన తండ్రి వంగకపోతే ఏం జరిగేదో మనకు తెలుసు. చేతులు ఒకేలా జోడించినా, నడుము ఒకేలా వంగినా ఈ రెండూ ఒకటి కావు. పెద్దాయనకు ఇది మేం చెప్పాం. "అది బాబాసాహెబ్. ఆయన ఎన్నడన్న దొరకు వంగిండా? వంగనోడు వంగితే వందనం. నా నడుము ఇప్పుడే నిలబడ్డది" అన్నారు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఉండనక్కరలేదేమో కూడా.

పాదం గురించి ఒక మాట. థాయ్‌వాళ్లకు పాదం నీచమన్నామా, అయినా సరబురిలోని బుద్ధపాదం ఆ దేశంలో గొప్ప యాత్రాస్థలం. వాట్ ఫోలో 46 మీటర్ల శయన బుద్ధుడి అరికాళ్ల మీద ముత్యపు చిప్పలతో 108 మంగళ చిహ్నాలు పొదిగారు. పాదానికి ఆ గౌరవం మన నేలకూ కొత్త కాదు. అమరావతి శిల్పాల్లో బుద్ధుడి రూపం లేని చోట పాదముద్రలు చెక్కారు. మద్రాసు మ్యూజియంలో ఉన్న ఒక అమరావతి ఫలకంలో స్త్రీలు ఆ పాదాల ముందు వంగి ఉంటారు. ఆ వంగడంలో భయం కనిపించదు. కానీ పురుషసూక్తం శూద్రుడు పాదాల నుంచి పుట్టాడని రాసుకున్న దేశంలో, పాదం నీచమన్న మాట వినగానే మన చెవికి వేరేగా వినబడుతుంది. థాయ్ మనిషి తన పాదమూ రాజు పాదమూ రెండూ నీచమే అంటాడు. మన దగ్గర ఒక మనిషినే పాదం చేశారు.

ఇప్పుడు అక్క ప్రశ్నలోని రెండో సగం.

గుడ్డ భిక్షువుకు కట్టుబాటు, స్త్రీకి మైల కాదు అన్నాం. ఆ మాట నిజమవ్వాలంటే ఇంకొక షరతు ఉంది. గీతకు అవతలి వైపుకు ఆమె కూడా వెళ్లగలగాలి. మాదిగవాడి కొడుకు, మాలవాడి కొడుకు థాయ్‌లాండ్ వెళ్లి చీవరం కట్టుకుంటే, రేపు అక్కడి శ్రీమంతుడు అతని ముందు నుదురు ఆనించాలి. అందుకే పురుషుడి విషయంలో ఆ వందనం కులం కాదని గట్టిగా చెప్పగలం. అక్క కూతురు వెళితే? 1928లో అక్కడి సంఘ పెద్దలు స్త్రీలకు దీక్ష ఇవ్వకూడదని భిక్షువులను శాసించారు. అది నేటికీ తొలగలేదు. భిక్షుణి ధమ్మనందా విశ్వవిద్యాలయ ఆచార్య పదవి వదిలి, 2003లో శ్రీలంకలో ఉపసంపద తీసుకుని వచ్చినా థాయ్ సంఘం ఆమెను భిక్షుణిగా గుర్తించలేదు. నఖోన్ పథోమ్‌లో తన విహారంలో ఉండి ఆమె ధమ్మం చెబుతూనే ఉన్నారు. ఇక ఉత్తరాన చియాంగ్ మయిలో, వాట్ చేది లువాంగ్ ఆవరణలోని నగర స్తంభ మందిరంలోకి స్త్రీలకు ప్రవేశం లేదు. కారణంగా చెప్పేది నెలసరి. అక్కడ మాత్రం భిక్షువు నిగ్రహం అన్న వివరణ చెల్లదు. అది మైలే. పేరు మార్చుకున్న మన ఊరి గుడి అది. అక్కడికి మేం వెళ్లం, మగవాళ్లం కూడా. ఆడవాళ్లను బయట నిలబెట్టి లోపలికి వెళ్లి చూసి రావడానికి ఏముంది?

ఇంత రాశాక మా ఇంటి సంగతి దాచడం సరికాదు. గ్రేటర్ నోయిడా సొసైటీల్లో కొన్నిటిలో పనివాళ్లకు వేరే లిఫ్టు ఉంటుంది. చెత్త తీసుకెళ్లే మనిషి, వంటమనిషి అందులోనే ఎక్కాలి. వాళ్లలో ఎక్కువమంది ఎవరో మనకు తెలుసు. మేం ఇన్నేళ్లుగా పెద్ద లిఫ్టులోనే దిగుతున్నాం. ఒక భంతే పరిచిన గుడ్డ మీద ఇంత తర్కించినవాళ్లం ఆ లిఫ్టు తలుపు మీది నోటీసు మీద సొసైటీ మీటింగులో ఒక్కసారీ నోరెత్తలేదు. ఈ మాట గుర్తుచేసిందీ అక్కే. పోయిన నెల మీటింగులో ఆమె లేచి అడిగారు. మేం నలుగురం చేతులెత్తాం. నోటీసు ఇంకా అక్కడే ఉంది.

ఆ తర్వాతి ఆదివారం భంతే మళ్లీ వచ్చారు. ఈసారి అక్క గుడ్డ కోసం ఎదురు చూశారు, దాని మీద పళ్లెం పెట్టారు, కింద కూర్చుని అడిగారు: "నఖోన్ పథోమ్ భిక్షుణి విహారానికి మేం వెళ్తున్నాం. మీరెప్పుడైనా వెళ్లారా?" వెళ్లలేదన్నారు. వెళితే ఆమెకు మీరు వందనం చేస్తారా అని అక్క అడిగితే, నూరేళ్ల దీక్ష ఉన్న భిక్షుణి అయినా ఆ రోజే దీక్ష పొందిన భిక్షువుకు వందనం చెయ్యాలన్న గురుధమ్మం ఉందని, తనకు గురువులు అదే నేర్పారని చెప్పారు. కాసేపు ఆగి, ఉపాలి కథ కూడా వాళ్లే నేర్పారని, ఈ రెండింటినీ ఎప్పుడూ పక్కపక్కన పెట్టి చూడలేదని అన్నారు. అక్క ఇంకేమీ అడగలేదు. మజ్జిగ తెచ్చి గుడ్డ మీద పెట్టారు.

నవంబరుకు టికెట్లు తీసుకున్నాం. భుజాలు కప్పే కండువాలు, మోకాళ్లు దాటే పైజమాలు సర్దుకుంటున్నాం. అక్క అరిసెలు రెండు డబ్బాల్లో పెడతానన్నారు, ఒకటి బ్యాంకాక్ విహారంలో గుడ్డ మీద పెట్టడానికి, ఒకటి నఖోన్ పథోమ్‌లో చేతికి అందించడానికి. పెద్దాయన మనవడి దగ్గర వాయ్ నేర్చుకున్నారు. గడ్డం దగ్గర పెట్టే వాయ్ ఒక్కటే నేర్చుకున్నారు, అది చాలట. విగ్రహం ముందు ఏం చేస్తారని అడిగితే, "పోయినంక సూద్దాం తియ్" అంటున్నారు.